చుక్కల తెలుగు, దొంగ లాగిన్

1986లో వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో నేను సిస్టమ్ ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. కాలేజీ మొత్తానికి ఒక్కటే కంప్యూటర్. బీరువా అంత పెట్టె ఏసీ గదిలో ఉండేది. దానికి తీగలతో కలిపిన టెర్మినళ్లు, అంటే తెర, కీబోర్డు మాత్రమే ఉన్న యంత్రాలు, పక్క హాల్లో ఉండేవి. ఎవరు కూర్చున్నా ముందు తమ అకౌంట్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ కావాలి. ఎవరిని ఎంతవరకు రానివ్వాలో చూసుకోవడం నా పని. దాన్ని సెక్యూరిటీ అంటారని మాలో ఎవరికీ తెలియదు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా పిల్ల ఏసీల కూసుండి కొలువు జేస్తాంది" అని గొప్పగా చెప్పుకునేది.

పరీక్ష ఫలితాల పని నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ప్రింటర్ నుంచి ఎవరూ అడగని కాగితం బయటికొచ్చింది. చిన్న చిన్న చుక్కల గుర్తులు వరసగా పేర్చి, అరచేయంత అక్షరాలతో "నమస్తే" అని ఉంది. తెలుగులో! ఆ యంత్రానికి ఇంగ్లీషు తప్ప మరో లిపి తెలియదు. నేను కాగితాన్ని దూరంగా పట్టుకొని చూసి పైకే నవ్వేశాను. తర్వాత అది ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో చూస్తే నవ్వు ఆగిపోయింది. మా హెడ్డు లక్ష్మీకాంతం గారి అకౌంట్. ఆ సమయానికి ఆయన ప్రిన్సిపాల్ గదిలో మీటింగ్‌లో ఉన్నారు.

ఆయనకు చెప్పగానే మనిషి అదిరిపడ్డారు. "ఎవడమ్మా వాడు? మార్కులన్నీ ఇందులోనే ఉన్నాయి. నా పాస్‌వర్డ్ దొరికినవాడు ఏమైనా చేస్తాడు. పట్టుకో. కాలేజీ నుంచి పంపించేస్తాను."

పక్కనే ఉన్న సీనియర్ లెక్చరర్ యాదగిరి సార్ ఊరుకోలేదు. "ఆడామె చేతుల తాళాలు పెడితే గిట్లనే అయితది సార్" అన్నారు. నాది అప్పటికింకా టెంపరరీ ఉద్యోగమే. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

ముందు మార్కులు చూశాను. పరీక్షల విభాగం నుంచి కాగితాలు తెప్పించి, కంప్యూటర్‌లో ఉన్నవాటితో పోల్చాను. ఒక్క అంకె కూడా మారలేదు. లోపలికొచ్చిన మనిషి దొంగతనానికి రాలేదని అప్పుడే అనిపించింది. హెడ్డుగారి పాస్‌వర్డ్ మార్పించాను. కొన్నాళ్లకే ఆయన అకౌంట్ నుంచే ప్రింటర్ మళ్లీ పలకరించింది: "బాగున్నరా?"

కొత్త పాస్‌వర్డ్ కూడా చిక్కిందంటే, ఆయన కొడుతున్నప్పుడే ఎవరో అందుకుంటున్నారన్నమాట. భోజనాల వేళ హాలు ఖాళీగా ఉన్నప్పుడు టెర్మినళ్లన్నీ ఒక్కొక్కటే చూస్తూ వెళ్లాను. హెడ్డుగారు వాడే మూల టెర్మినల్ మీద మామూలుగానే 'లాగిన్' అని ఉంది. బ్రేక్ అనే మీట నొక్కితే ఆ వరస మళ్లీ కొత్తగా రావాలి. రాలేదు. అది అసలు లాగిన్ కాదు. అచ్చం అలాగే కనిపించేలా ఎవరో రాసిన ప్రోగ్రామ్. మనం పాస్‌వర్డ్ కొడితే దాన్ని దాచుకొని, "తప్పు, మళ్లీ కొట్టండి" అని చెప్పి తప్పుకుంటుంది. రెండోసారి వచ్చేది అసలుది. వేలు జారిందేమో అనుకొని మనం మళ్లీ కొడతాం. ఎంత ముచ్చటైన ఎత్తు! నాకు కోపం రావాల్సింది, కానీ నిజం చెప్పాలంటే ఒళ్లు పులకరించింది. విదేశీ పత్రికల్లో హ్యాకర్లంటూ చదివినవాళ్లలో ఒకరు మా హాల్లోనే తిరుగుతున్నారు!

ఆ ప్రోగ్రామ్ రెండో సంవత్సరం అకౌంట్‌తో నడుస్తోంది. కానీ విద్యార్థులకు తరగతి మొత్తానికీ ఒకటే అకౌంట్. యాదగిరి సార్ అప్పటికే అనుమానమున్న అబ్బాయిల పేర్లు చెబుతూ తిరుగుతున్నారు. ఆ ప్రోగ్రామ్‌ను ఆపేయడం క్షణం పని. నేను ఆపలేదు. పాస్‌వర్డ్ కొట్టే చోట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కొట్టాను: "తమ్ముడూ, నీ పనితనం మస్తుంది. వచ్చి కలువు, చాయ్ తాగుదాం." దాచుకున్న పాస్‌వర్డ్‌ల కోసం వచ్చిన మనిషికి అదే కనిపిస్తుంది కదా.

తర్వాత ఏం జరుగుతుందోనని నా ప్రాణం ప్రింటర్ మీదే ఉంది. మర్నాడు అది కదిలింది. కాగితం మీద చుక్కల అక్షరాలు ఒక్కో వరసా దిగుతుంటే నిలబడి చదివాను.

"తమ్ముని కాదు. చెల్లెను. భయమైతాంది."

పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. మేమంతా "వాడు, వాడు" అంటూ వెతికాం. నేనూ అంతే! కాగితం మడిచి కొంగులో దాచుకొని, మూల టెర్మినల్ దగ్గరికి వెళ్లి మళ్లీ కొట్టాను: "చెల్లె, ఫికర్ చేయకు. అక్కను నేనున్న. రా."

ఆ తరగతిలో ఉన్నది ఇద్దరే అమ్మాయిలు. ఎవరో కనుక్కోవడం కష్టం కాదు. కానీ తనంతట తనే రావాలని ఎదురుచూశాను. వచ్చింది. రజిత, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, నన్ను తీసేస్తరా?"

"ముందుగాల కూసో. ఎందుకు చేసినవ్?"

"క్లాసు ప్రాక్టికల్ కాక, మాకు సొంతంగ టైమిచ్చేదే సాయంత్రం. అప్పటికి నా బండి ఎల్లిపోతది. క్లాసు అకౌంట్ల ప్రింటర్ రాదు. మా అమ్మ రోజూ అడుగుతది, 'నువ్వు సదివే మిషిన్ మన మాట రాస్తదా బిడ్డా' అని. రాస్తదని చూపెడుదామనుకున్న, అక్కా. మార్కుల జోలికి పోలే. ఒట్టు."

"నాకు తెలుసు" అన్నాను. అప్పుడు ఏడ్చింది. చాయ్ తాగాక, 'క్ష' రాయడానికి చుక్కలు ఎలా పేర్చిందో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఇక ఆపడం నా తరం కాలేదు.

ఇద్దరం కలిసి హెడ్డుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లు ఎర్రజేసి, "రూలంటే రూలే. పంపించేయాల్సిందే" అన్నారు. యాదగిరి సార్ కూడా అక్కడే ఉన్నారు.

"సార్, ఈ అమ్మాయిని పంపిస్తే దారి మూసుకుపోదు. అది ఎంత సులువో ఒకసారి చూడండి" అని మూల టెర్మినల్ దగ్గరికి తీసుకెళ్లాను. రజిత అందులో తన దొంగ లాగిన్ మళ్లీ పెట్టింది. "మీకు చెప్పే చేస్తున్నాం. వేరే టెర్మినల్లో పాస్‌వర్డ్ మార్చుకొని, ఇక్కడ కొట్టండి." ఆయన మమ్మల్ని వెనక్కి తిరగమని, కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టి మరీ కొట్టారు. రజిత పక్క టెర్మినల్ మీద, ఆ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌లు దాచే ఫైలు తెరిచింది. తెర మీద తెల్లగా వెలిగింది: బుజ్జి.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముందు ఆయనే నవ్వారు, ఆ తర్వాత ఎవరం ఆపుకోలేకపోయాం. "మా ఆవిడ ముద్దుపేరమ్మా. ఇది ఈ గది దాటకూడదు" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. యాదగిరి సార్ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, "అమ్మా, నాది గూడ మార్చుకుంట. ఎట్లనో చెప్పు" అని నన్నడిగారు.

హెడ్డుగారు రజితను మందలించి, ఒక శిక్ష వేశారు. చదువయ్యేదాకా ప్రతి శనివారం నాతో కూర్చొని ఆ కంప్యూటర్‌లో ఎక్కడెక్కడ కన్నాలున్నాయో వెతకాలి. ఏది దొరికినా ముందు నాకు చెప్పాలి. ఇంత హాయిగా శిక్ష అనుభవించిన మనిషిని నేను చూడలేదు! రెండో అమ్మాయి కూడా తోడొచ్చింది. రైలు పిల్లలకు మధ్యాహ్నం టైమిచ్చారు. విద్యార్థులకు తలా ఒక అకౌంట్ వచ్చింది. నా ఉద్యోగం ఆ ఏడాదే పర్మనెంట్ అయింది.

ఆ తర్వాత చాలాచోట్ల, చాలా పెద్ద కంప్యూటర్లకు కాపలా కాశాను. లోపలికి దూరినవాళ్లందరూ రజితలు కారు, చెడ్డవాళ్లనూ చూశాను. అయినా దారి మూసేముందు, దూరిన మనిషి లోపలికొచ్చి ఏం చేశారో చూడటం నాకు అలవాటైంది. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు కూడా అదే చెబుతాను. అంతకంటే ముందు ఇంకో మాట చెబుతాను: ఎవరో తెలిసేదాకా "వాడు" అనకండి.