ఆ రెండు మెట్లు

నిన్న హిందూపురం బస్టాండులో ధర్మవరం బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కనే ఒకామె ఫోనులో మాట్లాడుతూ వేయించిన శనక్కాయలు ఒలుచుకు తింటోంది. కాయ పటుక్కుమన్న ప్రతిసారీ నా చూపు ఆమె మొహం మీదికి కాకుండా చేతుల మీదికే పోయింది. అవి ఒక్క క్షణం కూడా ఆగలేదు. అవతలివాళ్ళు ఎవరో గానీ పాపం, ఫెయిలయ్యారు అనుకుని నవ్వుకున్నాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చేతులు చూసి మార్కులు వేయడం నాకు నేర్పింది కరుణ మేడమ్. ఆమె చనిపోయి, భూస్థాపన జరిగి ఏడాది కావస్తోంది. ఆ రోజు పుట్టిన కోపం మాత్రం ఇంకా నాలోనే ఉంది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా వీధిలో మొదట ప్రార్థనకు పోయింది మా అమ్మ. నేను ఇంకో అడుగు వేసి పెనుకొండ దగ్గరి బైబిలు కాలేజీలో చేరతానంటే వీధి వీధంతా నవ్వింది. ‘ఆడపిల్ల పాస్టరమ్మ అయితాదంట’ అని ఎగతాళి. ఆ నవ్వుకు జవాబు చెప్పాలనే పట్టుదలతోనే చేరాను. ప్రసంగం చేయడం నేర్పే తరగతి కరుణ మేడమ్‌ది. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన నూలుచీర, ఎవరినీ లెక్కచేయని గొంతు. అంత గొంతున్న మనిషి కాలేజీ చర్చిలో ఒక్కనాడూ వేదిక ఎక్కలేదు, ఎక్కనివ్వలేదు. వేదికకు రెండు మెట్లుండేవి. మగవాళ్ళు మెట్లెక్కి చెబితే అది వాక్యం, అంటే బోధ. ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడి చెబితే సాక్ష్యం, అంటే దేవుడు నా జ్వరం తగ్గించాడు, నా కష్టం తీర్చాడు అని చెప్పుకోవడం. బోధించే తెలివి వాళ్ళదీ, జ్వరాలు మావీనన్నమాట! ఆ మగవాళ్ళకు బోధించడం నేర్పింది ఎవరయ్యా అంటే, కింద కూర్చున్న ఈమె.

ప్రతి శుక్రవారం మేడమ్ మమ్మల్ని కాలేజీ వెనకున్న శనక్కాయల షెడ్డుకు తీసుకుపోయేది. పదిమంది కూలి ఆడవాళ్ళు కాయలు ఒలుస్తూ ఉండేవాళ్ళు. మేము ఒక్కొక్కరం ఐదు నిమిషాలు ఒక కథ చెప్పాలి. వాళ్ళ చేతులు ఆగితే పాసు, ఆగకపోతే ఫెయిలు. అంతే పరీక్ష. “వాళ్ళను మార్చేదానికి కాదు మిమ్మల్ని ఈడికి తెచ్చింది, మిమ్మల్ని మార్చేదానికి” అని ముందే హెచ్చరించేది. మొదటిసారి దానియేలు లేచాడు. మా తరగతిలో గొంతున్నవాడు. మైకు లేని లోటు తెలియకుండా కేకలు పెట్టాడు. ఓబులమ్మ అనే పెద్దామె ఒలుస్తూనే తలెత్తి, “ఏమప్పా, ఎందుకట్ల అరుస్తాండావు? మాకు చెవులు బాగానే వినపడతాండాయి” అంది. నా వంతు వచ్చింది. ‘ప్రియ సహోదరీలారా’ అని మొదలుపెట్టాను. కాయలు పటపటమంటూనే ఉన్నాయి. తిరిగి వస్తుంటే మేడమ్ అడిగింది, “ఏమే ఎస్తేరూ, మీ ఇంట్లో మీ అమ్మను ప్రియ సహోదరీ అని పిలుస్తావా?”

నాలుగు శుక్రవారాలు ఫెయిలయ్యాను. ఐదో వారం, యజమానురాలు వెళ్ళగొట్టిన ఒక పనిమనిషి కథ ఎత్తుకున్నాను. బిడ్డతో ఎడారిలో పడి నడుస్తుంది, తోలుసంచిలో నీళ్ళు అయిపోతాయి. బిడ్డ చచ్చిపోవడం చూడలేక వాణ్ణి పొద కింద పడుకోబెట్టి దూరంగా పోయి కూర్చుంటుంది. ఆ మాట దగ్గర షెడ్డంతా నిశ్శబ్దమైంది. నాకు భయమేసి నేనూ ఆగిపోయాను. ఓబులమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉంది. “ఆగిపోతావేమ్మా? ఆ పిల్లోనికి నీళ్ళు దొరికినాయా లేదా, చెప్పు ముందు!” అని కసిరింది. మేడమ్ వైపు చూశాను. ఆమె ఏడుస్తోంది, ఏడుస్తూనే కాగితం మీద నా మార్కు వేస్తోంది.

ఏడాది చివరి ఆరాధనలో, ప్రసంగంలో మొదటి మార్కు వచ్చిన విద్యార్థి వాక్యం చెప్పడం ఆ కాలేజీ ఆనవాయితీ. ఆ ఏడు మొదటి మార్కు నాది. ఎన్నో ఏళ్ళ ఆనవాయితీ అప్పుడే గుటుక్కుమంది. ప్రిన్సిపాల్ అయ్యగారి గది బయట నిలబడి నేను విన్నాను. “ఎస్తేరు సాక్ష్యం చెప్తాది మేడమ్. వాక్యం దానియేలు చెప్తాడు. పెద్దలంతా వస్తాండారు, మన పద్ధతి మనకుండాది కదా” అన్నాడాయన. “దానికి నేర్పమని నన్ను పెట్టుకుంటిరి. నేర్చుకుని నోరు తెరిస్తే పద్ధతి అంటిరి. తెరవగూడని నోటికి నేర్పించేదెందుకు అయ్యగారూ?” అని మేడమ్ నిలదీసింది. ఆయన ఫైలు తీసుకుని చదువుకోవడం మొదలుపెట్టాడట. అదీ జవాబు.

అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది, అది నాది. దానియేలు వచ్చి, “అక్కా, ఆ నీళ్ళ కథ నేను చెప్పుకుంటా. నీదెట్లాగూ సాక్ష్యమే కదా” అన్నాడు. సరే అన్నాను! సర్టిఫికెట్ ఆపేస్తారేమోనని భయం. వాడు మెట్లెక్కి నా కథ చెప్పాడు, పెద్దలు ఆమేన్ ఆమేన్ అన్నారు. నేను కింద నిలబడి, నన్ను చేర్చుకున్నందుకు అయ్యగారికి, అన్నం పెట్టినందుకు కాలేజీకి వందనాలు చెప్పి కూర్చున్నాను. బయట మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. “వాళ్ళు నిన్ను కింద నిలబెట్టినారని కాదే నా కోపం. కింద నిలబడి వాళ్ళకు దండాలు పెట్టినావు చూడు, దానికి.” ఆ మాటకు చెంపదెబ్బ నయం.

అయ్యగారితో వాదించినందుకు మరుసటి ఏడు ఆమెను తరగతి నుంచి తప్పించి హాస్టల్ వంటగది చూసుకొమ్మన్నారు. ఆ తరగతి కొన్నాళ్ళకు ఎవరి చేతికి వచ్చిందో చెప్పక్కర్లేదు, దానియేలు చేతికే. నేను బత్తలపల్లిలో బడిపంతులమ్మనయ్యాను. ఏడాదికోసారి మేడమ్‌ను చూడ్డానికి పోయేదాన్ని. “ఏమే, ఎవరి చేతులన్నా ఆపినావా?” అని ప్రతిసారీ అదే అడిగేది. బడిపిల్లల చేతులు అని నవ్వేసి తప్పించుకునేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

పోయిన ఏడు ఆమె చనిపోయింది. కాలేజీ చర్చిలోనే ఆరాధన పెట్టారు. వేదిక మీద ఐదుగురు పాస్టర్లు, ఐదుగురూ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఒకాయన ఆమె తల్లి మనసు గురించి చెప్పాడు. ఒకాయన ఆమె చేతి ఉగ్గాణి రుచి గురించి చెప్పాడు. దానియేలు కూడా ఉగ్గాణే! మాట్లాడటం నేర్పిన మనిషి గురించి, ఆమె నేర్పిన గొంతుతోనే, బొరుగుల తాలింపు గురించి మాట్లాడుతున్నారు. ఆమె మాకు ప్రసంగం నేర్పింది అనే నాలుగు మాటలు ఒక్క నోటి నుంచీ రాలేదు. అంతలో దానియేలు మైకులో, “ఎస్తేరక్క రెండు నిమిషాలు సాక్ష్యం చెప్తారు” అన్నాడు. ఎవరో మైకు స్టాండు తెచ్చి మెట్ల కింద పెట్టారు.

నేను దాన్ని దాటుకుని పోయి ఆ రెండు మెట్లూ ఎక్కాను. “ఇది సాక్ష్యం కాదు, వాక్యం” అన్నాను. “ఇక్కడ కూర్చున్న ఐదుగురికీ నోరిచ్చింది ఆమె. ఆమెకు మీరు గరిట ఇచ్చారు.” “అక్కా, ఇది సమయం కాదక్కా” అని దానియేలు లేచాడు. ఇంకెప్పుడయ్యా సమయం, ఆమె లేచి వచ్చినాకనా? అదే అడిగాను. వాడు కూర్చున్నాడు. మైకు కిందే ఉండిపోయింది, ఉండనీ. షెడ్డులో మైకు ఎప్పుడుంది గనక! ఎడారిలో నీళ్ళయిపోయిన ఆ తల్లి కథ, అప్పుడు వాడికిచ్చేసిన నా కథ, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తలుపు దగ్గర షెడ్డు ఆడవాళ్ళు శవపెట్టె మీదికి చామంతి దండ కడుతున్నారు. పొద దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఈసారి నేను ఆగలేదు. బిడ్డకు నీళ్ళు తాగించే దిగాను.

ఆ తర్వాత ఏ చర్చీ నన్ను మాట్లాడమని పిలవలేదు. పిలవకపోతే మానె. శుక్రవారం బడి వదలగానే బస్సెక్కి షెడ్డుకు పోతున్నాను, కథ చెప్పి చేతులు చూసి వస్తున్నాను. ఆ రోజు సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే ఓబులమ్మ నా పక్కన నడిచింది. చర్చి గేటు దాటినాక అడిగింది. “రెండు మెట్లే కదమ్మా. మోకాళ్ళ నొప్పులతో నేనైనా ఎక్కుదును. ఆయమ్మ బతికుండంగా ఎక్కి ఉంటే ఏమైపోయేది నీకు?”