నిదానం మావయ్య పరుగు

మా చిన్నతనంలో బైబిల్లో ఉన్నవాళ్ళంతా మా కోడూరు చుట్టుపక్కలే కాపురముండేవారు. ఆ రోజుల్లో మాకు ఆదివారం బడి చెప్పేది మా మేనత్త. ఆమె నోట్లో పడ్డ ఏ కథైనా చివరికి మా ఇంటి గుమ్మం ముందుకొచ్చి ఆగాల్సిందే. నోవహు ఓడ కథలో ఆమెకు దొరికిన నీతి "వానలు పడకముందే ఇంటికప్పు చూసుకోవాలర్రా" అని. యోనా చేప కడుపులో పడ్డది, అవనిగడ్డ వెళ్ళమంటే బందరు బస్సెక్కినందుకు. లోతు భార్య ఉప్పు స్తంభమైంది, బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు గనుక. (బడికి వెళ్తూ నేను రోజూ మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసేదాన్ని. నాన్న ఇంకా గుమ్మంలోనే ఉన్నాడా లేదా అని.)

మా నాన్నని ఊళ్ళో నిదానం మావయ్య అనేవారు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. తుఫాను వస్తోంది, బడి భవనంలోకి వెళ్ళిపొమ్మని మైకులో అరుస్తుంటే కూడా చాప చుట్టి, కోళ్ళగూడు తలుపు వేసి, కండువా దులిపి భుజాన వేసుకుని మరీ బయల్దేరిన మనిషి. ఆ నిదానం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, నాకు తప్ప. అన్నయ్యకి జ్వరమొస్తే మా ఇంట్లో కోడిపులుసు వండారు. నాకొస్తే బన్ను, బార్లీ నీళ్ళు. అప్పటినుంచీ పదేళ్ళ నా బుర్రలో ఒకటే ప్రశ్న, నాన్నకి నేనంటే అన్నయ్యంత ఇష్టమేనా అని.

సరిగ్గా అప్పుడే అత్త తప్పిపోయిన కుమారుడి కథ చెప్పింది. "అందుకే సెలవుల్లో చెప్పకుండా ఎక్కడికీ పోకూడదు" అని ఆమె తేల్చిన నీతి నా చెవికెక్కలేదు. నాకు వినిపించింది ఒక్కటే. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళాడట. ఆ పైన కొత్త బట్టలు, వేలికి ఉంగరం, కాళ్ళకి చెప్పులు, విందు! అంటే తప్పిపోతే చాలన్నమాట. అంత పెద్దాయన పరుగెత్తగా లేనిది, మా నాన్న నాలుగడుగులు పరుగెత్తడా?

కథ ప్రకారం ముందు ఆస్తిలో వాటా అడగాలి. అడిగాను. నాన్న బీడీ పక్కన పెట్టి, చాలాసేపు ఆలోచించి, "మనకున్నది ఒక్క గేదె కదమ్మా. ముందు సగం కావాలా, వెనక సగమా? ముందు సగమైతే మేత వెయ్యాలి. వెనకదైతే పేడెత్తాలి" అన్నాడు. వాటా వదిలేసుకుని కట్టుబట్టలతో బయల్దేరాను.

నా దూరదేశం కాలవ అవతల స్నేహితురాలి ఇల్లు. అక్కడ వాళ్ళమ్మ పెట్టిన ఉప్మా రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను. అయితే కథలో కొడుకు పందుల మేతకి ఆశపడిన ఘట్టం ఉంది కదా, అది వదిలేస్తే విందు దక్కదేమోనని భయమేసి, వాళ్ళ గేదె తొట్టి దగ్గర కూర్చుని గుప్పెడు తవుడు నోట్లో వేసుకున్నాను. (పశ్చాత్తాపం వెంటనే కలిగింది.)

పొద్దువాలాక తిరిగొచ్చి వీధి చివర నిలబడ్డాను. దూరంగా ఉండగానే చూడాలి కదా! నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూశాడు. లేవలేదు. కాళ్ళీడ్చుకుంటూ నేనే వెళ్ళాను. "వచ్చావా? కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని" అన్నాడు, అంతే. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను. అమ్మ నా కంచంలో గుడ్డట్టు వేసింది. అది చూసి అన్నయ్య, "పొద్దున్నించీ ఇంటిపట్టునున్నోడికి పప్పుచారు, ఊరు తిరిగొచ్చిందానికి గుడ్డట్టా?" అని అలిగి లేచిపోయాడు. కథలో తమ్ముడికిచ్చిన విందు చూసి అలిగిన పెద్దకొడుకు మాటలు వాడికి ఎవరూ నేర్పలేదు. అంతా కథలాగే జరిగింది, ఆ ఒక్క పరుగు తప్ప. ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చాను.

తెల్లారి చూస్తే మెట్టు మీద నాన్న చెప్పు ఒక్కటే ఉంది.

"నాన్నా, రెండోదేది?"

"కాలవ గట్టు మింగేసిందమ్మా."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "మింగిందా! నిన్న నువ్వు కనబడకపోయేసరికి గట్టు పొడుగూతా బస్టాండు దాకా పరుగెత్తారే మీ నాన్న. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి మరీ చూశారంట. బురదలో చెప్పు దిగబడితే తీసుకోడానిక్కూడా ఆగలేదు. ఆఖరికి కాలవ అవతల తవుడు తింటా కనబడ్డావంట. ఆడుకుంటోందిలే, పిలిస్తే బెదురుద్దని ఎనక్కొచ్చేశారు."

"పరుగేం కాదు, కాస్త గబగబా నడిచానంతే" అన్నాడు నాన్న, దొంగతనం బయటపడ్డవాడిలా. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ ఒంటి చెప్పు పట్టుకుని అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె అంతా విని, "అందుకే అంటాను, బురదలోకి చెప్పులేసుకుని వెళ్ళకూడదని" అంది.

ఇప్పుడు బందరులో ఆదివారం బడి నేనే చెబుతున్నాను. నాన్న లేడు. అన్నీ నిదానంగా చేసిన మనిషి, పోవడానికి మాత్రం తొందరపడ్డాడు. మొన్న ఇదే కథ చెబుతుంటే ఒక పిల్ల లేచి, "అంత పెద్దాయన చెప్పులేసుకుని ఎలా పరుగెత్తాడు టీచర్?" అంది.

"ఒకటి దారిలో జారిపోయిందమ్మా" అన్నాను.

పిల్లలు పుస్తకాలు తిరగేశారు. "అలా లేదు టీచర్!"

"ఉంటుంది, సరిగ్గా వెతకండి" అని నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడిచాను. ఎప్పుడైనా కోడూరు వెళ్ళి తిరిగొస్తుంటే, బస్సు కదిలాక, ఈ వయసులో కూడా కిటికీలోంచి తల బయటపెట్టి కాలవ గట్టు కనుమరుగయ్యేదాకా చూస్తాను. కండక్టరు "తల లోపలెట్టండి మేడం" అని కేకలేస్తాడు. అత్త చెప్పిన పాఠాలన్నీ వచ్చినట్టే గానీ, ఆ లోతు భార్య పాఠం ఒక్కటే నాకు ఇప్పటికీ వంటబట్టలేదు.