ఆరు గదుల శంకరమ్మవ్వ

నిన్న ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు గద్వాలలో శంకరమ్మవ్వ చనిపోయింది. వయసు తొంభై ఐదు పైనే.

చనిపోయింది తన ఇంట్లోనే, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఆరు గదుల్లో మొదటి దాంట్లో. ఈ ఆదివారం మా అమ్మ వెళ్లి బస చేయాల్సిన గది అది.

అవ్వ మనుమరాలు సుజాత ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో మా పత్రిక ఆఫీసులో ఉన్నాను.

"అన్నా, అవ్వ మంచం చూస్తుందనుకున్న. చాయ తీస్కపోయి పిలిస్తే పలుకలె."

ముప్పై ఏళ్లుగా మరణవార్తలు రాస్తున్నవాణ్ణి. అలవాటుగా టైం అడిగాను. పెన్ను తీశాను.

రాయలేకపోయాను.

మంచం చూడటం అంటే ఏమిటో చెప్పాలి.

గదిలో ఉన్నవాళ్లు ఖాళీ చేయగానే, నల్లులు పోయేలా మంచం కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోయించేది. నులక బిగించేది. బొంతలు ఎండకు వేసేది. అన్నీ అయ్యాక తానే ఆ మంచం మీద పడుకుని కాసేపు కళ్లు మూసుకునేది. నడుము కింద ఎక్కడైనా పల్లం తగిలిందా, నులక విప్పి మళ్లీ అల్లాల్సిందే.

తాను పడుకుని చూడని మంచం ఎవరికీ ఇవ్వలేదు. పందొమ్మిది వందల నలభైలలో ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి, బుకింగులు ఫోన్‌లోకి వచ్చిన ఈ కాలం దాకా.

అప్పుడు గద్వాల సంస్థానం. చీరల వ్యాపారులు రైలు దిగి వచ్చి రెండు మూడు రోజులు ఆ గదుల్లో ఉండేవారు. తాళంచెవులకు మగ్గం మీద నేతకు వాడిన పాత కొయ్య నాడెలు కట్టి ఉండేవి, మరిచిపోయి ఎవరూ జేబులో వేసుకుపోకుండా. అజమాయిషీ అత్తది. తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లతో మాట్లాడటం కొత్త కోడలు శంకరమ్మ పని.

ఏ ఊరు? ఏమోళ్లు?

అత్త నేర్పిన ప్రశ్నలు ఇవి. రెండోది కులం అడగడం.

ఒక మధ్యాహ్నం ఆ తలుపు ముందు ఎద్దుల బండి ఆగింది. బండిలో నెలలు నిండిన మా అమ్మమ్మ బాలమ్మ. పాన్‌గల్ వైపు నుంచి వచ్చి, పుట్టి పడవలో కృష్ణ దాటి, ఇవతలి ఒడ్డున బండి మాట్లాడుకుని, గద్వాల అవతల ఉన్న పుట్టింటికి కాన్పుకు పోతోంది. దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. తాత దిగి ఒక్క గది అడిగాడు. ఏమోళ్లంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.

లేవని చెప్పింది శంకరమ్మ.

ఆ ఇంటి గోడ పక్కనే, బండి కింద, అమ్మమ్మ ప్రసవించింది. పుట్టింది మా అమ్మ.

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట గద్వాలకు పనిమీద వెళ్లినప్పుడు, అడుగుతూ పోయి ఆ ఇల్లు పట్టుకున్నాను. నేనెవరో చెప్పకుండా ఒక రోజుకు గది అడిగాను.

తలుపు దగ్గర శంకరమ్మవ్వ కూర్చుని ఉంది.

"ఎంతమంది? ఎన్ని దినాలు?"

అంతే.

"ఊరూ పేరూ అడగవా అవ్వా?" అన్నాను.

"కాగితాలు సుజాత చూస్తది. నేనైతే అడగ."

ఎందుకని అడిగితే చెప్పింది. అదే మధ్యాహ్నం, అదే బండి.

"నీళ్లు కాచి అరుగు మీద పెట్టిన. కిందికి దిగలె బిడ్డా. నాలుగే మెట్లు. మల్ల పొద్దుగాల చూస్తే బండి లేదు."

అత్త పోయి ఇల్లు తన చేతికొచ్చిన రోజే ఆ ప్రశ్న మానేసిందట. ఒక వ్యాపారి మూటలు సర్దుకున్నాడట: "గిట్లయితే నీ గదులల్ల ఎవడు పండుకుంటడమ్మా?"

"అలసినోడు పండుకుంటడు సేటూ. నీకు నిద్ర పట్టకుంటే నువ్వు పో."

అప్పుడు చెప్పాను, ఆ రోజు పుట్టిన పిల్ల మా అమ్మేనని.

గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది.

"బతికిందా?"

అన్నేళ్లూ ఆమెకు ఆ సంగతే తెలియదు.

ఒక్కపారి తోల్కరా, కండ్లార చూస్త అని బతిమాలింది. అమ్మ ఒప్పుకోలేదు.

"నన్నడిగితే ఏమొస్తది? మా అమ్మనడగాలె. మా అమ్మ యాడుంది?"

నాలుగేళ్లు ఇదే మాట. పోయిన నెలలో ఒక రోజు బియ్యం ఏరుతూ తనే అన్నది: "పోదాం తీ. ఆమెకు మాత్రం ఇంకెన్నేండ్లున్నయ్?"

ఆదివారం అనుకున్నాం. నాకు డ్యూటీ పడింది.

మళ్లీ ఆదివారం అనుకున్నాం. మీటింగ్.

రెండుసార్లూ వాయిదా వేసింది నేనే. రెండు వారాలూ శంకరమ్మవ్వ ఆ గది ఎవరికీ ఇవ్వలేదట. ప్రతిసారీ నులక బిగించి పడుకుని చూసుకుందట. నిన్నటిది మూడోసారి, ఈ ఆదివారం కోసం. సుజాత చెప్పింది.

నిన్న సాయంత్రం అమ్మకు చెప్పాను. ఏడవలేదు. చేతిలో పని పక్కన పెట్టింది.

"రేపు రాత్రి ఆమె కాడ నేను కూసుంట. కూసోనిస్తరేమో అడుగు."

చివరి మాటకు గొంతు తగ్గింది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి.

సుజాతకు ఫోన్ చేసి ఆ మాట అలాగే అడిగాను.

"గిదేం అడుగుడన్నా! పెద్దమ్మను తోల్కరా. మెట్లు ఎత్తుగున్నయ్, నేనే చెయ్యి పట్టుకుంట."

శంకరమ్మవ్వా, ఆలస్యం నాది. నువ్వు నిమ్మళంగా నిద్రపో.

అవ్వ పెద్దకొడుకు సోలాపూర్ నుంచి రావాలి. అంత్యక్రియలు రేపు ఉదయం పదకొండు గంటలకు, గద్వాలలో.

అమ్మా నేనూ ఈ సాయంత్రం నాలుగున్నర బస్సుకు వనపర్తి నుంచి బయలుదేరుతున్నాం.