చంద్రికలు తగిలించింది నేను కాదు

మా హాల్లో కట్టుకున్న సినిమా గదిని చూసి నన్ను మెచ్చుకున్న వాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. దాన్ని కుదిర్చింది నేను కాదు, నా భార్య.

ప్రొజెక్టర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది మాత్రం నేనే. గోడకు తెల్లరంగు రెండు పూతలు వేసి, చుట్టూ నల్ల అంచు దిద్ది, పాత చెక్కపెట్టెల్లో స్పీకర్లు బిగించాను. ఆత్రంగా మొదటి సినిమా వేశాను. బొమ్మ అదిరింది. మాటే అర్థం కాలేదు. కింద టైల్సు, పైన కాంక్రీటు. ప్రతి మాటా గోడకు కొట్టుకుని వచ్చి తర్వాతి మాట మీద పడేది. గోడలకు గుడ్ల అట్టలు అంటించాను. సగం ఊడిపోయాయి, మిగతా సగం వల్ల లాభం లేదు.

నా భార్యది ఇక్కడే, మా తమిళ నేల మీది ఇండూరు. పుట్టింట్లో పట్టుపురుగులు పెంచేవారు.

"మా పురుగుల షెడ్డులో చంద్రికలు గోడకు నిలబెట్టినామంటే మా నాయన అరిచినా మెత్తగా వినపడేది. అవి తెచ్చి తగిలిస్తే?" అంది.

చంద్రిక అంటే పురుగులు గూళ్లు కట్టుకోవడానికి పెట్టే వెదురు తట్ట. మంచమంత చాప మీద వెదురు బద్దను చుట్టలు చుట్టి నిలబెడతారు.

"పురుగుల తట్టలు హాల్లోనా? చూసినోళ్లు నవ్వుతారు."

"గుడ్ల అట్టలు చూసి ఇప్పుడు ఏడుస్తా ఉండారా?"

ఒక పెళ్లికని నేను బొమ్మిడి వెళ్లి రెండు రోజులు ఉండిపోయాను. ఇప్పుడంతా ప్లాస్టిక్‌వి వాడుతున్నారు కాబట్టి పుట్టింట్లో పాతవి ఊరికే పడి ఉన్నాయి. ఆమె ఆరు చంద్రికలు సామాన్ల ఆటోలో తెచ్చి, కడిగి, ఎండబెట్టి, చుట్టల సందుల్లో పాత పరుపు దూది కూరింది. పైన వెలిసిన నూలు చీరలు బిగించి కుట్టి తగిలించింది.

తిరిగొచ్చి హాల్లో అడుగుపెట్టగానే నా చెప్పుల చప్పుడే వేరుగా వినిపించింది. చప్పట్లు కొట్టాను. చప్పుడు అక్కడికక్కడే ఆగింది! సినిమా వేస్తే గుసగుసలు కూడా తెలిశాయి. వాన పడే సీను నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. చినుకు చినుకూ విడివిడిగా వినిపించింది. ఇంత వయసొచ్చాక కూడా ఎగిరి గంతేశాను.

మరునాడు మా అన్న వచ్చాడు. "రేయ్, థియేటర్ మాదిరి ఉండాదే! ఎవుర్రా చేసింది?"

"నేనే" అన్నాను. అది ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. ఆయన చేతికి కాఫీ అందిస్తున్న నా భార్య ఒక్కసారి నా వైపు చూసి లోపలికి వెళ్లింది.

తర్వాత అదియమాన్‌కోట్టైలో అన్న కొత్త ఇల్లు కట్టి, అక్కడి హాలు కూడా ఇలాగే నన్నే చేయమన్నాడు. హుషారుగా వెళ్లి చంద్రికలు గోడకు ఆనించి మేకులు కొట్టాను. చప్పట్లు కొడితే చప్పుడు గణగణమంటూ తిరిగొచ్చింది. ఊడదీసి మళ్లీ కొట్టాను. అదే గోల. చివరికి నా భార్యకు ఫోన్ చేశాను. బస్సెక్కి వచ్చింది.

"గోడకు అతికించేసినావే! వెనక నాలుగు వేళ్ల సందు ఉండాల. దూది ఏది?" అంటూ చీర కొంగు దోపింది. సాయంత్రానికి హాలు నెమ్మదించింది.

"ఈ అమ్మికి ఇదంతా ఎట్ల తెలుసురా?" అని అడిగాడు అన్న.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "నా పక్కన ఉండి నేర్చుకునింది" అన్నాను.

ఆ రోజు నుంచి మా హాల్లో సినిమా వేస్తే వంటింట్లో పని ఉందంటుంది. తను చేసిన గదిలో తనే కూర్చోవడం మానేసింది.

అందుకే ఇది రాశాను. నాకు తెలుగు అక్షరాలు మా నాయన నేర్పారు. ఆమెకు తమిళమే చదవడం వచ్చు. రాసి ఊరుకుంటే ఆమెకు తెలియదని, కూర్చోబెట్టి చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"నాకు చదివి ఏం లాభం? నాకు తెలిసిందే కదా. మీ అన్నకు చెప్పు." తనే నంబరు నొక్కి, లౌడ్‌స్పీకర్ పెట్టి ఫోను నా చేతికిచ్చింది.

చెప్పేశాను.

అటు నుంచి అన్న అన్నాడు, "తెలుసు లేరా. నువ్వు సుత్తి పట్టుకునే తీరు చూసినప్పుడే తెలిసిపోయె. నీ నోటితో చెప్తావేమోనని చూస్తి. ఆమెకు ఇయ్యి ఫోను... ఏమ్మా, మా మేడ మీద గది ఇంకొకటి ఉండాది. నువ్వే రావాల."

"వస్తాను బావా!" నా భార్య గొంతులో అంత హుషారు విని చాలా నాళ్లయింది. "ఈయన్ని కూడా పిలుచుకొస్తా. నిచ్చెన పట్టుకునేదానికి ఒక మనిషి కావాల కదా."