చల్లగా ఉందన్న కాలు

అది 1928. రాయగడలో ఒక చిన్న డిస్పెన్సరీలో నేను కాంపౌండరుని, అంటే డాక్టరుగారు రాసిన మందులు కలిపి ఇచ్చేవాణ్ణి. ఆ వానాకాలం బజారులో కలరా తగిలింది. ఎవరైనా కడుపు పట్టుకుంటే చాలు, జనం వీధి మారిపోయేవారు. ధైర్యం చెప్పాల్సిన ఉద్యోగం కనుక పైకి నవ్వేవాణ్ణి గాని, లోపల నాకూ గుండె పీచుపీచుమంటూనే ఉండేది.

గుణుపురం వైపు రైతు సింహాచలం బండి దిగుతూ మోకాలు బెణికించుకుని వచ్చాడు. డాక్టరుగారు చీటీ మీద లినిమెంట్ అని రాసిచ్చి నారాయణపట్న క్యాంపుకి వెళ్లిపోయారు. లినిమెంటంటే నొప్పి మీద రుద్దే మందు. మాది కర్పూరం, మెంథాల్, వింటర్‌గ్రీన్ నూనె కలిపింది. మోకాలి నుంచి పిక్క దాకా రుద్ది, "కాసేపు చల్లగా అనిపిస్తుంది, కంగారుపడకండి" అని చెప్పి లోపలికి వెళ్లాను. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు.

సీసాలు కడుగుతుంటే వరండాలోంచి అతని భార్య పైడమ్మ కేక వినిపించింది.

"బాబూ! కాలు సల్లబడిపోతందంట! కలరా అంటుకుందో ఏటో!"

పరుగెత్తాను. కలరాలో కాళ్లూ చేతులూ చల్లబడడం చూసినవాణ్ణి, నాకూ అదే అనుమానం వచ్చింది. మిగతా రోగులు అప్పటికే మెట్లు దిగిపోయారు. నేను అతణ్ణి పడుకోబెట్టేలోగా పైడమ్మ, బండి దగ్గర వంటకి వెలిగించిన పొయ్యి మీద ఉప్పు వేయించి మూట కట్టుకొచ్చింది. దూరంగా నిలబడి, చెయ్యి చాచి కాపడం పెట్టబోతోంది.

"ఆగు! మందు రాసిన చోట వేడి పెడితే తోలు ఊడొస్తుంది" అని అడ్డుపడ్డాను.

"వొగ్గీ బాబూ! సచ్చిపోతే నువ్వు తెచ్చిత్తావేటి?"

సింహాచలం నీరసంగా, "పెట్టనీ బాబూ, నాకు సల్లగానే ఉంది" అన్నాడు. నాకు అసలు భయం అప్పుడే వేసింది. చర్మం కాలిపోతున్నా ఇతనికి తెలియదు.

నాడి చూశాను, బలంగానే కొట్టుకుంటోంది. వాంతులూ విరేచనాలూ లేవు. పిక్క మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, ఎర్రబడింది. మందుకీ రుద్దుడుకీ రక్తం చర్మంలోకి పొంగి వచ్చింది. చల్లదనమంతా అతనికి అనిపించడంలోనే ఉంది.

చెబితే ఆవిడ నమ్మదు. ఆవిడ మణికట్టు మీద కూడా మందు రుద్దాను. కాసేపటికి బిక్కచచ్చిపోయి, "నాకూ సల్లబడతంది" అంది.

"రెండో చేత్తో పట్టుకు చూడు."

పట్టుకుంది. "ఎచ్చగా ఉందే!" అంది. ఉప్పు మూట పక్కన పడేసి, వెళ్లి మొగుడి పిక్క పట్టుకుంది. అలా పట్టుకునే భోరున ఏడ్చేసింది.

"కలరాతో పోయేటప్పుడు మా తమ్ముడు సలేత్తందని అరిసేడు బాబూ. భయమేసి దగ్గరికెళ్లనేదు. ఒక్కపాలి ముట్టుకు సూడనేదు."

భయపడ్డ మనిషి ముందుగా వెనక్కి తీసుకునేది చెయ్యేనని ఆవిడ వల్ల తెలిసింది. ఆ తరువాత లినిమెంట్ రుద్దిన ప్రతిసారీ వెంట వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని రోగి ఒంటి మీద పెట్టించేవాణ్ణి. కలరా రోజుల్లో నా చెయ్యీ వెనక్కి పోబోయేది, అయినా ముందు దాన్నే పెట్టేవాణ్ణి.