పగబట్టే పొడి

తొర్రూరులో మూలికల దుకాణం నడిపే కృష్ణమూర్తి సేటుకు ఒకటే జబ్బు: కనిపించిన ప్రతివాడి నాడి పట్టుకోవడం. నమస్తే అని చేతులు జోడిస్తే అందులో ఒకటి లాక్కుంటాడు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతాడు. ఆ కాసేపూ మనకు మన గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. చివరికి కళ్లు తెరిచి, మన మొహం కాకుండా మన భుజం వెనక్కి చూస్తూ "ఊఁ" అంటాడు. ఇక ఆ రోజు మనకు అన్నం సహించదు.

ఒకసారి బస్సులో టికెట్ ఇవ్వబోయిన కండక్టర్ చెయ్యి మూడు స్టేజీల దాకా వదలలేదు. ఒక పెళ్లిలో తలంబ్రాలు పోయబోతున్న పెళ్లికొడుకు నాడి పట్టి "ఊఁ" అన్నాడు. పిల్ల తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. చావు ఇంట్లో శవం మణికట్టునూ వదిలేవాడు కాదు. ఆయన తల ఊపితేగాని పాడె లేవదు. ఒకసారి ఊపడానికి మరీ ఆలస్యమైంది. తిరిగి చూస్తే మోసే నలుగురిలో ఇద్దరు లేరు.

ఆయన దుకాణం పక్కనే నా జిరాక్స్ షాపు. పట్టపగలు కూడా ఆ దుకాణంలో చీకటే. గోడ గడియారాన్ని కావాలనే ఆపేశాడు. "రెండు చప్పుళ్లుంటే లెక్క తప్పుతది" అనేవాడు. ఎండు వేళ్లు, చెక్కల మధ్య ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే నాకు వీపు జలదరించేది.

మా చిన్నమ్మ బుచ్చమ్మకు గుండె లయ తప్పి కొట్టుకుంటోందని వరంగల్ డాక్టరు గోలీలు రాశాడు. మానేస్తే పక్షవాతం రావచ్చని నాకు మరీ మరీ చెప్పాడు. ఆమె వారం వేసుకుని డబ్బాలో పడేసింది. "ఇంగ్లీషు మందు వేడి చేస్తది. తెల్లమద్ది చెక్క గుండెకు మంచిదని ఫోన్ల చూపిస్తున్నరు" అని నన్ను వెంటబెట్టుకుని సేటు దగ్గరికి వచ్చింది.

సేటు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎంతకీ వదలడు.

"బుచ్చమ్మక్కా, నీ గుండెల ఇద్దరు నడుస్తున్నరు" అన్నాడు మెల్లగా. "ఒకరు నువ్వు."

"ఇంకొకరు ఎవరు?"

సేటు ఆమె భుజం వెనక్కి చూశాడు. నేనూ చూశాను. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. అయినా నేను కొంచెం పక్కకు జరిగాను.

లోపలికి వెళ్లి ఏడు పొట్లాలు తెచ్చాడు. "గిది పగబట్టే పొడి. దవాఖాన గోలీ ముందుగాల లోపలికి పోవాలె. లోపల గోలీ కనిపించకుంటే గిది ఆ రెండోదాని దిక్కు చేరి నీ మీద పగబడతది. సోమవారం ఖాళీ గోలీల అట్ట తెచ్చి చూపియ్యి. లేకుంటే పొడి ఇయ్య."

ఆరు నెలలు ప్రతి సోమవారం ఆమె ఖాళీ అట్టతో వెళ్లింది. మళ్లీ ఈసీజీ తీసిన డాక్టరు గుండె కుదుటపడిందన్నాడు. బజారు మాత్రం పొడినే మెచ్చుకుంది. నాకు ఒళ్లు మండి నేరుగా అడిగేశాను.

"సేటూ, నిజం చెప్పు. మద్ది చెక్కతోనే తగ్గిందా?"

"చెక్క ఎక్కడిది? గది పుట్నాల పొడి, జర బెల్లం."

"మరి చెక్క ఎందుకియ్యలే?"

"గది గుండెకు ఎంత పనిచేస్తదో చదువుకున్నోళ్లకే ఇంకా తేలలేదట. ఆ గోలీలతోని కలిస్తే ఏమైతదో నాకు తెల్వదు. మా తమ్ముడు దేవేందర్ నా చెక్కను నమ్మి గోలీలు బంద్ పెట్టి పాణం పోగొట్టుకున్నడు. అప్పటిసంది ఎవరి చెయ్యి దొరికితే వాళ్లది పట్టుకుంటున్న. తేడా ఉంటే దవాఖానకు తోలుతున్న."

ఇన్నేళ్లూ ఆ మనిషికి భయపడినందుకు సిగ్గేసింది. ఆగలేక వెళ్లి చిన్నమ్మకు అంతా చెప్పేశాను. ఆమె నింపాదిగా నవ్వింది.

"పుట్నాలని మొదటి పొట్లానికే తెల్సు. నా మనవరాలు షారోన్ తింటది ఆ పొట్లాలన్నీ."

"మరి గోలీలు ఎందుకేసుకుంటున్నవ్?"

"పాపం, ఆయన గంత కష్టపడి భయపెడుతుంటే ఏసుకోకుంటే బాగుంటదా? నువ్వు పోయి నాకు తెల్సని చెప్పకు. సోమవారం సోమవారం మస్తు వణుకుతున్న నేను."