అంచు కోసం చేసిన ఫోన్

2023, చలికాలం. మోరిస్‌విల్‌లో ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో నేను రీవీవింగ్ చేస్తుంటాను. చిరుగుకు అతుకు వేయకుండా, తెగిన పోగుల స్థానంలో కొత్తవి ఎక్కించి ఆ మేరకు మళ్లీ నేయడమే రీవీవింగ్. నేను బడికి వెళ్లలేదు. చదువూ నేతా రెండూ మా అమ్మే ఇంట్లో మగ్గం పక్కన కూర్చోబెట్టి నేర్పింది. ఆ విద్య ఈ పరాయి దేశంలోనూ అన్నం పెడుతోందంటే దేవుడి దయే.

ఆ రోజు రోసా అనే నర్సు వచ్చింది. నిండు గర్భిణి. ఆస్పత్రిలో తన తెలుగు స్నేహితురాలు పెద్దవాళ్లని పిలిచే తీరు చూసి నన్ను ఆంటీ అనడం అలవాటు చేసుకుంది. మిగతా మాటలన్నీ మా మధ్య ఇంగ్లీషులోనే. పెరూ కొండల్లో పసిపిల్లల్ని వీపున కట్టుకునే లిక్ల్యా అనే దుప్పటిని బల్ల మీద పరిచింది. నడుమా, అంచునా చిరిగి ఉంది.

"మా అమ్మమ్మ నన్ను ఇందులోనే మోసింది. నా బిడ్డనీ ఇందులోనే మొయ్యాలి ఆంటీ."

నడిమి చిరుగు నాకు కష్టం కాదు. భయపెట్టింది అంచే. కళ్లు కళ్లుగా నమూనా ఉన్న ఆ అంచును విడిగా నేసి కుట్టలేదు, నేస్తూ నేస్తూనే గుడ్డకు కలిపేశారు. అలాంటి పని నేనెన్నడూ చూడలేదు.

"అమ్మమ్మనే అడుగుదాం," అన్నాను.

రోసా మొహం చిన్నబోయింది. "ఆవిడకి కెచువా తప్ప రాదు. నన్ను చిన్నప్పుడే సిటీకి తెచ్చేశారు, అంతా స్పానిష్. కెచువా నాకు ఒక్క ముక్క రాదు. మామయ్య ఉన్నప్పుడు మధ్యలో చెప్పేవాడు. ఆయన పోయాక వీడియో కాల్‌లో చేతులూపుకుని పెట్టేస్తున్నాం. పొట్ట చూపించాను, ఇంకేం చెప్పలేకపోయాను."

"అయితే చేతులతోనే అడుగుదాం," అంటూ చిన్న ఫ్రేమ్ మీద పడుగు వేశాను. రోసా పక్కకి జరిగి కూర్చుంది.

"ఇల్యావా వదులైంది ఆంటీ, బిగించండి. రుకి ఏది? రుకి లేకుండా ఎలా నేస్తారు?"

ఇల్యావా అంటే పడుగు పోగుల్ని పైకి లేపే దారపు ఉచ్చులు. రుకి అంటే పేకను నొక్కే ఎముక పుల్ల.

"ఇవి స్పానిష్ మాటలా?"

"ఏమో. చిన్నప్పుడు అమ్మమ్మ మగ్గం పక్కనే కూర్చునేదాన్ని. నేత మాటలు, అంతే."

అయితే ఇవి అమ్మమ్మ కెచువా మాటలే, రోసాకే తెలీదు. పడుగు, పేక అంటున్నప్పుడు తెలుగు మాట్లాడుతున్నానని నేను మాత్రం ఎప్పుడైనా అనుకున్నానా?

"ఫోన్ చెయ్యమ్మా! ఇప్పుడే!"

తెర మీద ముడతల మొహం కనిపించింది. రోసా చిరిగిన అంచు చూపించి, దాని పేరు పలికింది. "న్యావి అవాపా."

పలకరింపుగా ఊపుతున్న అమ్మమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ వెంటనే ఆవిడ తన మగ్గాన్ని ఫోన్ ముందుకు లాక్కుని, ఒక్కో పోగూ ఏరుతూ గడగడా చెప్పడం మొదలుపెట్టింది. రోసా ఆ మాటలు అందుకుని నాకు చెబుతూ పోయింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమందమ్మా?"

"మీ ముడి చూసి, అది ముడా, గొర్రెను కట్టే తాడా అంటోంది!"

"ఓసి నీ! మరి అదెలా అర్థమైంది నీకు?"

రోసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తెలీదు ఆంటీ. అర్థమైపోయింది."

తర్వాత పొట్ట మీద చెయ్యేసుకుని, దుప్పటి ఎత్తి పట్టుకుని అంది. "వావా. లిక్ల్యా." బిడ్డ, దుప్పటి. అమ్మమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ అంచు అయ్యేదాకా రోజూ కాల్, రోజూ నాకు చీవాట్లు! ఎంత ఆనందంగా తిన్నానో. భాష పూర్తిగా పోయిందని ఎవరైనా అంటే ఇప్పుడు నేను వెంటనే ఒప్పుకోను. చిన్నప్పటి పనేదో చేతికిచ్చి, పక్కన కూర్చుని వింటాను.